మా ఊళ్లో ఐపీ అంటే

పోయిన సెమిస్టర్‌లో మన కాలేజీలో ఐడియా పోటీ జరిగింది కదా, అందులోకి మేం నలుగురం ఒక డబ్బా పట్టుకెళ్లాం. తెల్ల ప్లాస్టిక్ డబ్బా. లోపల ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక సిమ్ మాడ్యూల్, బయటికి వేలాడే ఆక్సిజన్ ప్రోబు. రొయ్యల గుంటలో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్ మోగుతుంది. ఆలోచన కొత్తదేం కాదు, చాలామంది చేశారు. మేం కాస్త తక్కువ ఖర్చులో చేశాం, అంతే. జడ్జీలకి నచ్చింది. వాళ్లలో ఒకాయన "మీ ఐపీ ప్రొటెక్ట్ చేసుకున్నారా?" అని అడిగారు. నాకు నవ్వాగలేదు. పక్కనున్న హైదరాబాద్ ఫ్రెండ్ మోచేత్తో పొడిచింది. ఎందుకు నవ్వానో ఆయనకి అప్పుడు చెప్పలేదు. ఇక్కడ చెప్తా.

మాది నెల్లూరు జిల్లా, తోటపల్లిగూడూరు మండలం. రాత్రిపూట గాలి ఇటు తిరిగితే సముద్రం హోరు మంచం మీదికి వినపడేంత దగ్గర. మా ఊళ్లో ఐపీ అంటే ఇంటలెక్చువల్ ప్రాపర్టీ కాదు, ఇంటర్నెట్ ప్రోటోకాల్ కూడా కాదు. ఇన్సాల్వెన్సీ పిటిషన్. "ఫలానా ఆయన ఐపీ పెట్టాడంట" అని గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఐపీ పెట్టిన ఇంటితో సంబంధం కలుపుకోవాలంటే వెనకాడతారు. అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నవాళ్లు కూడా కాస్త జరిగి కూర్చుంటారు. చదువుకోని ముసలమ్మలకి కూడా తెలిసిన ఇంగ్లీషు పొట్టిమాట అది. ఒక చట్టం పేరు తిట్టుగా మారిందంటే ఆ చట్టం ఎంత మందిని తాకిపోయిందో ఆలోచించండి.

మా జట్టుకి మూడో బహుమతి వచ్చింది. ఆ శనివారం డబ్బాని ఇంటికి తీసుకెళ్లి నాయనకి చూపించా. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గుంటలో పెట్టి, తన దగ్గరున్న కిట్‌తో రీడింగ్ సరిచూసుకుని, "బాగుందమ్మా. ఎవురు కొంటారు?" అన్నాడు.

"రైతులే."

"మేత బాకీ ఉన్నోడు ఏది కొనాలన్నా ముందు మేత కొట్టాయన్ని అడగాల గదా."

నాలుగు నెలలు కోడు రాసి, వైరింగ్ మాడ్చుకుని, ప్రెజెంటేషన్‌కి పాతిక స్లైడ్లు చేసుకున్నాం. మార్కెట్ గురించి ఈ ఒక్క వాక్యం మా ఏ స్లైడ్‌లోనూ లేదు. వ్యాపారాన్ని ప్రోత్సహించే విధానాల మీద మన పత్రికకి ఏదన్నా రాయమని ఎడిటర్ అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కూడా ఇదే. (నెల్లూరు దాన్ని కాబట్టి తిక్కన గురించి రాస్తానని ఆశపడినవాళ్లు క్షమించాలి. వచ్చే సంచికలో.)

మన రాష్ట్రంలో ఇప్పుడు ఆంత్రప్రెన్యూర్ అనే మాట వినపడని వారం లేదు. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం పారిశ్రామిక విధానం, ఎంఎస్‌ఎంఈ విధానం, ఫుడ్ ప్రాసెసింగ్ విధానం అన్నీ ఒకే వరసలో ప్రకటించింది. "ఒక కుటుంబం, ఒక పారిశ్రామికవేత్త" అనేది నినాదం. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది, దానికి విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో శాఖలు. కేంద్రం వైపు చూస్తే 2016 జనవరి 16న మొదలైన స్టార్టప్ ఇండియా ఉంది. వీటిలో ఏదీ చెడ్డది అనను. మనలో కొందరికి వాటితో పని పడుతుంది కూడా.

కానీ నాకో సందేహం. ఎకరానికి ఒక పంటకి దగ్గర దగ్గర అయిదు లక్షలు పెట్టి, నూరు రోజుల నుంచి నూట ఇరవై రోజులు నిద్ర మానుకుని, ప్రపంచ మార్కెట్‌కి సరుకు పండించే మనిషిని ఏమనాలి? మా నాయన ఏడెకరాలు లీజుకి చేస్తాడు. ఇద్దరు మనుషుల్ని జీతానికి పెట్టుకున్నాడు. వాతావరణం, వైరస్, కరెంటు, డాలర్ రేటు, అమెరికా అధ్యక్షుడి మూడ్, ఇన్ని రిస్కులు ఒకేసారి మోస్తాడు. స్టార్టప్ ఇండియా గుర్తింపు కావాలంటే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీనో, ఎల్‌ఎల్‌పీనో, రిజిస్టరైన భాగస్వామ్య సంస్థో, అలాంటిదేదో అయ్యుండాలి. ఒక్క మనిషి పేరు మీద నడిచే వ్యాపారం లెక్కలోకి రాదు. మా తీరంలో వ్యాపారం నడిపేది మాత్రం దాదాపు అంతా ఒక్క మనిషి పేరు మీదే, ఒక్క ఇంటి బంగారం మీదే. "ఒక కుటుంబం, ఒక పారిశ్రామికవేత్త" మా ఊళ్లో ముప్పై ఏళ్ల కిందటే జరిగిపోయింది. ఎవరూ రిబ్బన్ కట్ చెయ్యలేదు, అంతే.

ఆ కథ తెలిస్తేగానీ నా వాదన అర్థం కాదు, కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం.

1980ల చివరిదాకా మా వైపు ఉప్పు నేలల్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. బకింగ్‌హామ్ కాలవ పక్కన చవుడు భూమి, ఇసక దిబ్బలు, సరుగుడు తోటలు. అప్పుడు టైగర్ రొయ్య వచ్చింది. జపాన్ కొంటుంది, ధర బ్రహ్మాండం. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా విశాఖ దగ్గర టాస్పార్క్ అనే హేచరీ పెట్టి, రొయ్య పిల్లని గుడ్డు నుంచి ఎలా తియ్యాలో చేసి చూపించింది. ఇది గమనించాల్సిన విషయం. ప్రభుత్వం వ్యాపారం చెయ్యలేదు, వ్యాపారం చెయ్యొచ్చని నిరూపించింది. ఆ తర్వాత ప్రైవేటు హేచరీలు వాటంతట అవే వచ్చాయి. కండలేరు క్రీకు గట్ల నుంచి అల్లూరు దాకా గుంటలు తవ్వేశారు. ఆ రోజుల్లో నెల్లూరు ట్రంకు రోడ్డులో మోటర్‌సైకిల్ షోరూముల ముందు క్యూలు కట్టారని మా మామ ఇప్పటికీ చెప్తాడు. ఆయన మాటల్లో కొంత మసాలా ఉంటుందనుకోండి.

1994లో తెల్లమచ్చ వచ్చింది, అదే వైట్ స్పాట్ వైరస్. సాయంత్రం చెక్ ట్రేలో చలాకీగా ఉన్న రొయ్యలు రెండు మూడు రోజుల్లో గట్టు పక్కకి చేరి చచ్చిపోయేవి. ఒక గుంటలో నీళ్లు వదిలితే పక్క గుంటకి, కాకి ఒక రొయ్యని ముక్కున కరుచుకెళ్లి పడేస్తే ఇంకో గుంటకి. తీరమంతా పాకింది. దాని వెనకే కోర్టు. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర నియంత్రణ మండలిలో, అంటే పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపల, సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల చెరువులన్నీ 1997 మార్చి 31 లోగా తీసెయ్యాలి. పులికాట్, చిలికా సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల కూడా అంతే.

తీర్పు అన్యాయమని నేను అనను, దాని సంగతి కాస్త తర్వాత. ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. పునఃపరిశీలన పిటిషన్లు, పార్లమెంటులో బిల్లు, మధ్యలో ప్రభుత్వాల మార్పు. చివరికి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది 2005లో. తొమ్మిదేళ్లు! ఆ తొమ్మిదేళ్లు మా తీరంలో గుంటలు ఉన్నాయి, కానీ కాగితం మీద వాటి బతుకు ఏమిటో ఎవరికీ తెలీదు. కూల్చమని ఆర్డరు ఉన్న గుంటని చూసి ఏ బ్యాంకు అప్పిస్తుంది? ఏ బీమా కంపెనీ పాలసీ రాస్తుంది? బ్యాంకు నిలబడాల్సిన చోటులోకి మేత డీలర్లు వచ్చి నిలబడ్డారని నా అనుమానం. మేత అప్పు మీద ఇస్తారు, మందులు అప్పు మీద ఇస్తారు, పట్టుబడి రోజు సరుకు వాళ్లు చెప్పిన మనిషికే వెయ్యాలి. అప్పిచ్చినవాడే కొనేవాడు కూడా అయితే ధర ఎవరు చెప్తారో మీకు ఎకనామిక్స్ ఎలక్టివ్ అక్కర్లేకుండానే తెలుస్తుంది. డీలర్లు దుర్మార్గులని కాదు. వాళ్లూ రిస్కే తీసుకుంటున్నారు, వాళ్ల డబ్బూ మునుగుతుంది. కానీ మా నాయన డబ్బా కొనడానికి వాళ్లని అడగాల్సి రావడానికి మూలం మాత్రం ఆ తొమ్మిదేళ్లలో ఉంది. విధానం అంటే సబ్సిడీ ఎంత అనే అనుకుంటాం. రూలు ఏమిటో తేల్చి చెప్పడం, తొందరగా చెప్పడం, అది కూడా ప్రోత్సాహమే. పైగా దానికి ఖర్చు కూడా తక్కువ.

ఇక దీనికి ఎదురు ఉదాహరణ. 2009లో కేంద్రం వెనామీ రొయ్యకి తలుపు తీసింది. పసిఫిక్ తీరపు జాతి, మనది కాదు. తలుపు బార్లా తెరవలేదు. వ్యాధుల్లేవని ధ్రువపడిన తల్లి రొయ్యలనే దిగుమతి చేసుకోవాలి. అవి విమానంలో చెన్నై దిగగానే నీలాంకరైలో ఉన్న క్వారంటైన్ కేంద్రానికి వెళ్లాలి. అక్కడ పరీక్షల్లో నెగ్గితేనే హేచరీకి. దాన్ని నడిపేది ఎంపెడా కింద ఉన్న రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం. ఒక్కో చదరపు మీటరుకి ఎన్ని పిల్లలు వదలాలో కూడా పరిమితి పెట్టారు, అరవై. అప్పట్లో దీన్ని అడ్డంకి అని తిట్టినవాళ్లు ఉన్నారట. కానీ మా తీరాన్ని మళ్లీ లేపింది ఆ అడ్డంకే అని నా అభిప్రాయం. తల్లి మంచిది కాబట్టి పిల్ల మంచిది, పిల్ల మంచిది కాబట్టి రైతు మళ్లీ ధైర్యం చేశాడు. 2012, 13 ప్రాంతంలో థాయిలాండ్ గుంటల్లో ఈఎంఎస్ అనే రోగం వచ్చి వాళ్ల ఉత్పత్తి కుప్పకూలితే, అమెరికా కొనుగోలుదారులు మన వైపు తిరిగారు. మనం సిద్ధంగా ఉన్నాం కాబట్టే ఆ అదృష్టం మనకి పనికొచ్చింది. 2024-25లో మన దేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62,408 కోట్ల రూపాయలు. అందులో గడ్డకట్టించిన రొయ్య ఒక్కటే 43 వేల కోట్ల పైన.

మన క్యాంపస్‌లో ఐటీ ఎగుమతుల గురించి పోస్టర్లున్నాయి. రొయ్య బొమ్మ ఉన్న పోస్టర్ నాకింతవరకు కనపడలేదు.

ఇప్పుడు ఐపీ దగ్గరికి వస్తాను.

మన సీనియర్ ఒకరు స్టార్టప్ పెట్టారనుకుందాం. ప్రైవేట్ లిమిటెడ్. ఆ "లిమిటెడ్" అన్న మాటకి అర్థం ఏమిటి? కంపెనీ మునిగితే, ఆయన సొంతంగా హామీ సంతకాలు పెట్టకుండా ఉంటే, పోయేది అందులో పెట్టిన డబ్బు మాత్రమే. వాళ్ల అమ్మ గాజులు భద్రం. మళ్లీ ఇంకో కంపెనీ పెట్టుకోవచ్చు, లింక్డిన్‌లో "ఓటమి నాకు నేర్పిన పాఠాలు" అని రాసుకోవచ్చు, లైకులు కూడా వస్తాయి. కంపెనీల కోసం 2016లో దివాలా చట్టం వచ్చింది, ఐబీసీ. అదే చట్టంలో మామూలు మనుషుల కోసం కూడా ఒక భాగం రాశారు. అప్పులు తీర్చలేని చిన్న మనిషికి కొత్తగా మొదలుపెట్టే దారి అందులో ఉంది. ఆ భాగాన్ని కంపెనీల అప్పులకి సొంత హామీ ఇచ్చినవాళ్ల వరకే 2019 డిసెంబరు నుంచి అమల్లోకి తెచ్చారు. మిగతా మనుషులకి ఇంకా తేలేదు. అంటే మా ఊరి వాళ్లకి ఈ రోజుకీ వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. బ్రిటిష్ వాళ్లు రాసింది. దాన్నుంచి పుట్టిందే మా "ఐపీ".

మా చిన్నాయన ఐపీ పెట్టలేదు. పెడితే నయంగా ఉండేదేమో. వరసగా రెండు పంటలు పోయాయి, ఒకటి తెల్లమచ్చతో, రెండోది తుపాను వానకి గట్టు తెగి. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఐపీ పెడితే ఇంట్లో పెళ్లికి ఉన్న ఆడపిల్లకి సంబంధాలు రావని మా నాయనమ్మ ఏడ్చింది. దాంతో ఇల్లు అమ్మి, పిన్ని నగలు అమ్మి, మిగిలిన దానికి కొత్త నోట్లు రాసిచ్చి వెళ్లిపోయాడు. ఇప్పుడు శ్రీసిటీ వైపు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ పని. నెలనెలా కొంత పంపిస్తూ ఆ నోట్లు తీరుస్తున్నాడు. మా ఊళ్లో పిల్ల నాణ్యత చూసి చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడనేవాళ్లు. గిన్నెలో నీళ్లు వేలితో సుడి తిప్పితే మంచి పిల్ల ఎదురీదుతుంది, బలహీనమైంది మధ్యలో కుప్పగా చేరుతుంది. ఆయన చూసిన చూపుకి పక్క ఊళ్ల నుంచి వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. ఆ చూపు ఇప్పుడు లారీల నంబర్లు రాసుకుంటోంది.

శ్రీసిటీ లాంటివి తప్పనడం లేదు. రోడ్డు, కరెంటు, అనుమతులు ఒక్క చోట పెడితే కంపెనీలు వస్తాయి, వచ్చాయి, వేల మందికి పనులు దొరికాయి, అందులో మా చిన్నాయనా ఉన్నాడు. నేననేది ఒక్కటే. ఒక మనిషికి ఉద్యోగం ఇవ్వడం ఎంత విధానమో, ఓడిపోయిన వ్యాపారస్తుడు మళ్లీ వ్యాపారంలోకి రాగలగడం కూడా అంతే విధానం. మొదటిదాని మీద సదస్సులు జరుగుతాయి. రెండోదాని గురించి మాట్లాడటానికి మా ఊళ్లో గొంతు తగ్గించాలి.

ఇక మా డబ్బాకి దీనితో ఏం సంబంధం అంటారా? ఒకసారి నష్టపోతే లేవలేనని తెలిసినవాడు కొత్తది ఏదీ ప్రయత్నించడు. తెల్లవారుజామున మూడింటికి గుంటలో ఆక్సిజన్ పడిపోతుందని మా నాయనకి తెలుసు, అందుకే అలారం పెట్టుకుని లేచి టార్చి పట్టుకుని గట్టు మీద తిరుగుతాడు. డబ్బా ఆ పని చేస్తుంది. కానీ అది ఒక్క రాత్రి మొరాయిస్తే ఏడెకరాల పంట పోతుంది. పోతే ఆదుకునేది లేదు. కాబట్టి ఆయన నిద్ర మానుకోవడమే చవక. ఆక్వా టెక్ స్టార్టప్‌లకి గ్రాంట్లు ఇచ్చి, వాళ్ల కస్టమర్లని ఇలా ఒంటి తాడు మీద నడిపిస్తే ఆ స్టార్టప్ దేన్ని అమ్ముకుంటుంది? మన క్లబ్బులూ సెల్లులూ "ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్" అంటూ ఊళ్లకి వెళ్తుంటాయి. నా లెక్కలో మా ఊరి ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌లో సెన్సార్ నాలుగోదో అయిదోదో. మొదటిది బీమా.

బీమా అనగానే, అది అసలు లేదని కాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన మత్స్య కిసాన్ సమృద్ధి యోజనలో ఆక్వా బీమా ప్రీమియంలో 40 శాతం, హెక్టారుకి పాతిక వేలకి మించకుండా, నాలుగు హెక్టార్ల దాకా, ఒక్కసారి వెనక్కి ఇస్తామన్నారు. 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు చేపలకీ రొయ్యలకీ కూడా వర్తిస్తుంది. యూనిట్ రూపాయిన్నర కరెంటు ఆక్వా జోన్‌లో ఉన్న రైతులకి మన రాష్ట్రం ఇస్తోంది. 2020లో ఆక్వా అభివృద్ధి అథారిటీ చట్టం, మేత నాణ్యత చట్టం కూడా చేశారు. కాగితం మీద చూస్తే మా నాయనకి నాలుగు వైపులా గొడుగులే. అవి ఆయన నెత్తి మీదికి రావాలంటే ఒక కాగితం కావాలి, గుంట ఆయనే చేస్తున్నాడని చెప్పే లీజు పత్రం. అది ఆయన దగ్గర లేదు. మా వైపు లీజు అంటే నోటిమాట. సంవత్సరం కౌలు ముందే చేతిలో పెట్టాలి. గుంట యజమాని నెల్లూరులోనో బెంగళూరులోనో ఉంటాడు.

యజమానుల భయం కూడా అబద్ధం కాదు. ఆంధ్ర కౌలుదారీ చట్టం 1956 నాటిది. రాసిస్తే కౌలుదారుకి హక్కు పుడుతుందని వాళ్ల నాన్నలు చెప్పిపోయారు, వీళ్లు నమ్ముతున్నారు. మాగాణి విషయంలో ఈ చిక్కు విప్పడానికే 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. యజమాని భూమి హక్కు కదలదు, పదకొండు నెలల కార్డు కౌలుదారుకి వస్తుంది. గుంటలకి కూడా ఎవరికీ అనుమానం లేకుండా అలాంటిదొకటి ఉండాలి, యజమాని సంతకం పెట్టడానికి ఏదన్నా చిన్న ఆశ కూడా చూపించాలి. సబ్సిడీలో పదో వంతు వాళ్లకి పోయినా నష్టం లేదు. ఇది వినడానికి ఇన్నోవేషన్ లాగా ఉండదని తెలుసు. ఫోటోకి పనికిరాదు.

"ఇన్ని అడుగుతున్నావు, రొయ్యల గుంటల వల్ల తాగే నీళ్లు ఉప్పగా మారలేదా?" అని మా హైదరాబాద్ ఫ్రెండ్ డ్రాఫ్టు చదివి అడిగింది. మారాయి. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పెరట్లో బావి నీళ్లు నా చిన్నప్పుడే నోట్లో పెట్టుకోలేకుండా అయ్యాయి. వరి పొలం పక్కన గుంట తవ్వితే ఊట దిగి వరి ఎర్రబడిపోతుంది. సముద్రానికి వెళ్లే దారిలో గుంటలు లేచి, పట్టపుపాలెం వాళ్లు వలలు మోసుకుని చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చిన చోట్లున్నాయి. జగన్నాథన్ గారు ఊరికే కోర్టుకెళ్లలేదు. అందుకే వ్యాపారాన్ని పెంచడమంటే రూల్సు ఎత్తెయ్యడం అనేవాళ్లతో నాకు కుదరదు. రిజిస్టర్ చేయించుకోకుండా తీరంలో రొయ్యలు పెంచితే 2005 చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు ఉండేది. 2023 సవరణలో జైలు తీసేసి జరిమానాలు పెట్టారు. ఇది సరైన దిశ అని నా నమ్మకం, ఎందుకంటే జైలు అన్నది కాగితంలో ఉన్నన్నాళ్లూ ఎవడూ వెళ్లింది నేను వినలేదు, భయపడి కాగితాల్లోకి రాకుండా దాక్కోవడం మాత్రం చూశాను. కట్టగలిగిన జరిమానా, తప్పించుకోలేని తనిఖీ, వదిలే నీళ్లకి ఊరికొక ఉమ్మడి శుద్ధి గుంట, ఇవి ఉంటే మా అమ్మమ్మ బావికి కూడా మేలు. ఆ బావి ఖర్చు ఇన్నాళ్లూ మా అమ్మమ్మే కట్టింది, బిందెకి ఇంత అని కొనుక్కుని. ఏ ఎగుమతి లెక్కలోనూ అది తీసివెయ్యలేదు.

2025 ఆగస్టు గురించి చెప్పకపోతే ఇది అసంపూర్తి. ఆగస్టు 7న అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది, 27న ఇంకో 25. యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు దీనికి అదనం. మనకి పోటీ అయిన ఈక్వెడార్ మీద 15 శాతమే. మా గుంటలో అప్పటికి తొంభై రోజుల రొయ్య ఉంది. కొనేవాళ్లు కిలోకి ముప్పై, నలభై తగ్గించి అడిగారు, అదీ కౌంట్‌ని బట్టి. ఇంకో పది రోజులు ఆగుదామంటే రోజుకి మేత ఖర్చు, వాన మబ్బులు, పక్క గుంటలో అప్పుడే చావులు. నాయన రాత్రికి రాత్రి పట్టేశాడు. ఆ రోజు నేను హాస్టల్లో ఉన్నా. ఫోన్‌లో వెనకాల జనరేటర్ మోత, ఐసు పగలగొట్టే చప్పుడు. "ఎంతొచ్చింది నాయనా?" అంటే "ఒచ్చిందిలేమ్మా" అన్నాడు. ఆయన అంకె చెప్పలేదంటే మేత బాకీకి కూడా చాల్లేదని అర్థం.

వాషింగ్టన్‌లో ఎవరో సంతకం పెడితే కోడూరు బీచి పక్కన గుంట ఖాళీ అవ్వడానికి మన ప్రభుత్వం ఏం చేస్తుంది అంటారు. సుంకాన్ని ఆపలేదు, నిజమే. కానీ ఒకే దేశం మీద ఇంతగా ఆధారపడటం ఒక్కరోజులో జరగలేదు. ఇక్కడ నాకు కోడిగుడ్డు గుర్తొస్తుంది. 1982లో డాక్టర్ బి.వి. రావు కోళ్ల రైతుల్ని కూడగట్టి నెక్ అనే సమన్వయ సంఘం మొదలుపెట్టారు. అంతకుముందు గుడ్డు ధర దళారి చెప్పేవాడు. ఆ తర్వాత రైతుల సంఘమే రోజూ ధర ప్రకటించడం మొదలుపెట్టింది, దేశమంతా గుడ్డు తినేలా ప్రచారం చేసింది. ఇందులో ప్రభుత్వం పాత్ర చాలా కొద్ది. రొయ్యకి కూడా అలాంటిది పెట్టాలన్న మాట సుంకాల తర్వాత గట్టిగా వినపడుతోంది. పెడితే సంతోషం. కానీ గుడ్ల రైతుకి తన గుడ్డు ఎవరికి అమ్మాలన్న స్వేచ్ఛ ఉంది కాబట్టి ప్రకటించిన ధర పనిచేసింది. మేత బాకీలో ఉన్న రొయ్యల రైతుకి ఫోన్‌లో ధర కనపడినా ఆ ధరకి అమ్ముకునే వీలుండదు. మళ్లీ తిరిగి అప్పు దగ్గరికే వస్తున్నా చూశారా.

ఇంకో చిన్న సంగతి, సంబంధం ఉందో లేదో మీరే చూడండి. నెల్లూరు అంటే చేపల పులుసు అని ప్రపంచమంతా హోటళ్లు తెరిచాయి. మా మెస్సులో రొయ్య ఎన్నిసార్లు పెట్టారో గుర్తు తెచ్చుకోండి. అమెరికాలో ఏ ఊళ్లోనో మా గుంటలో రొయ్య తిని ఉంటారు, ఇక్కడ నా రూమ్మేట్ నేను ఇంటి నుంచి తెచ్చిన వేపుడులోనే మొదటిసారి తిన్నది. "ఇంత బాగుంటుందా?" అంది.

డబ్బా సంగతి. మేం దాన్ని వదల్లేదు. రెండో వెర్షన్‌లో సిమ్ మాడ్యూల్‌కి బ్యాకప్ పెట్టాం, ప్రోబు మీద నాచు పట్టకుండా తుడిచే చిన్న బ్రష్ కూడా. ఉచితంగా ఒకటి నాయన గుంటలో ఉంచాం, ఆయన మాత్రం అలారం తీసెయ్యలేదు, మూడింటికి లేస్తూనే ఉన్నాడు. "అది నిద్రపోతే?" అంటాడు.

ఈ సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు పదకొండు నెలల లీజు ఒప్పందం ఒకటి నేనే టైపు చేసి, నెల్లూరులో స్టాంపు పేపర్ మీద ప్రింటు తీయించి ఇచ్చా. యజమాని హక్కుకి భంగం లేదని రెండు చోట్ల రాశాను, లాయర్ దగ్గర క్లర్కుగా చేసే మా మామ చూసి మూడో చోట కూడా రాయించాడు. బ్యాంకు మేనేజర్ ఆ కాగితం ఉంటే ఫైలు కదుపుతానన్నాడు. నాయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని యజమాని ఇంటికెళ్లాడు. ఆయన కాఫీ ఇచ్చాడట, మర్యాదగానే మాట్లాడాడట. "ఇన్నేళ్లుగా మనలో మనకి లేని కాగితాలు ఇప్పుడెందుకు అబ్బయా?" అన్నాడట. కాగితం మాత్రం వెనక్కి ఇవ్వలేదు, వాళ్లబ్బాయికి చూపించి చెప్తానన్నాడు. వాళ్లబ్బాయి బెంగళూరులో ఉంటాడు. ఏదో స్టార్టప్‌లో పని.